నిలబడితే వదులు, కూర్చుంటే పట్టు

ఆ అద్దాల దుకాణంలో ఒకటే చట్టం. పడేదాన్ని పట్టుకోకూడదు.

గాజు పలక జారిందంటే చేతులు రెండూ భుజాల దాకా లేపి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. అది ఎంత ఖరీదైనదైనా సరే, ఎవరి పెళ్లికూతురు ముస్తాబు చేసుకునే అద్దమైనా సరే, పడనివ్వాలి. పగలనివ్వాలి. ఆ తర్వాత చీపురు తేవాలి. ఆ ఇంటి బాబాయి వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఈ చట్టం మరిచిపోయి జారుతున్న పలకని ఒడిసి పట్టాడు. పలక దక్కింది. ఆయన కుడిచేతి వేళ్లు రెండు ఆ రోజు నుంచి మళ్లీ వంగలేదు.

అందుకే కొత్త కోడలు దుకాణంలో అడుగుపెట్టిన మొదటి రోజే అత్తగారు ఆమె చేతికి కట్టర్ ఇవ్వలేదు, కొలబద్ద ఇవ్వలేదు. ఖాళీ అట్టపెట్టెలు పైనుంచి పడేస్తూ, "చేతులు పైకి! అడుగు వెనక్కి!" అంటూ పొద్దంతా కవాతు చేయించింది. కోడలు బుద్ధిమంతురాలు. నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంట్లో పక్క దులుపుతుంటే దిండు జారినా చేతులు పైకి లేచేవి. పట్టుకోవడం వరకూ ఆ ఇల్లంతా ఒకటే బాపతు. ఒకసారి చుట్టాలింట్లో ఎవరో సరదాగా యాపిల్ పండు విసిరితే మొగుడూ పెళ్లాం అత్తగారూ ముగ్గురూ ఒకేసారి చేతులెత్తి వెనక్కి జరిగారు. పండు వెళ్లి చేపల తొట్టెలో పడింది. చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఏళ్లు గడిచాయి. కోడలు ఆ వీధికంతా అద్దాల వదిన అయింది. గాజు కొయ్యడంలో మొగుణ్ణి ఎప్పుడో దాటేసింది. కట్టర్ పెట్టి గీత గీస్తే ఒకటే చప్పుడు, సన్నగా, ఎక్కడా తెగకుండా. తర్వాత బల్ల అంచుకి ఆనించి చిన్నగా నొక్కితే పలక రెండుగా విడిపోయేది. ఆ విడిపోయే చప్పుడంటే ఆమెకి ప్రాణం. రోజుకి ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

అంత సుఖంగా ఉన్న మనిషి వెళ్లి వెళ్లి క్రికెట్లో ఎందుకు తలదూర్చిందంటే, దానికి కారణం ఎదురు కొట్టు టైలరమ్మ.

టైలరమ్మ ఆ బజారు ఆడవాళ్ల జట్టుకి కెప్టెన్. జట్టులో మనుషులు తక్కువైనప్పుడల్లా నోటికొచ్చిన మాటలు చెప్పి ఎవరినో ఒకరిని లాక్కెళ్లడం ఆమెకి అలవాటు. ఆ ఏడాది వాళ్ల కీపర్‌గా ఉన్న నర్సుకి వేరే ఊరు బదిలీ అయింది. ఆమె గ్లౌజులు వదిలేసి వెళ్లింది. ఆ గ్లౌజులు వేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు? బౌలర్‌కి చప్పట్లు, బ్యాటర్‌కి ఈలలు, కీపర్‌కి మోకాళ్ల నొప్పులు. వంద బంతులు పట్టినా ఎవరూ చూడరు, ఒక్కటి వదిలితే ఊరంతా చూస్తుంది. నన్నడిగితే లోకంలో ఇంత అన్యాయమైన ఉద్యోగం ఇంకోటి లేదు.

"వదినా, నువ్వే చెయ్యాలి. నీకు గ్లౌజులు అలవాటే కదా!" అంది టైలరమ్మ.

దుకాణంలో పలకలు మోసేటప్పుడు వేసుకునే తోలు తొడుగులూ ఇవీ ఒకటే అన్నట్టు! అయినా వదిన ఒప్పుకుంది. ఎందుకో ఆమెకే తెలీదు. గ్లౌజులు వేసుకుని ఒకచేత్తో ఇంకోదాన్ని చరిచింది. ఆ చప్పుడు నచ్చింది. అంతే.

మొదటి మ్యాచ్ బస్సు డిపో వాళ్లతో. వాళ్ల జట్టులో ఒక డ్రైవరమ్మ ఉంది. బస్సు ఎలా తోలుతుందో బ్యాటూ అలాగే తిప్పుతుంది, అడ్డమొచ్చిన వాళ్లదే పూచీ. ఆమె ఒక బంతిని బలంగా కొట్టబోతే బ్యాటు అంచుకి తగిలి నేరుగా కీపర్ గుండెల మీదకి వచ్చింది. కష్టపడాల్సిన పనే లేదు. చేతులు అక్కడుంటే చాలు, బంతే వచ్చి కూర్చుంటుంది.

అద్దాల వదిన రెండు చేతులూ భుజాల దాకా లేపి, ఒక అడుగు వెనక్కి వేసి, పక్కకి తప్పుకుని బంతికి దారి ఇచ్చింది.

మైదానంలో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత డిపో వాళ్లు పగలబడి నవ్వారు. "దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చేతులెత్తేసిందేంటమ్మా!" అంది డ్రైవరమ్మ. సాయంత్రానికల్లా అలాంటివి ఇంకా జరిగాయి. బజారు జట్టు చిత్తుగా ఓడింది.

టైలరమ్మ మంచిది కాబట్టి తిట్టలేదు. "సీజన్ చివర్లో మళ్లీ డిపోతోనే మ్యాచుంది వదినా. అప్పటిదాకా చూద్దాం. అప్పుడు కూడా కుదరకపోతే గ్లౌజులు ఇంకెవరికైనా ఇచ్చేద్దాం" అంది.

వదిన ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండా, వంటింటి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. పెళ్లయ్యాక ఆమె అలా ఏడవడం అత్తగారు చూడలేదు. బట్టలకి, నగలకి, సినిమాలకి ఎన్నడూ పట్టుబట్టని మనిషి. దేనికీ ఇది నాది, నాకు కావాలి అన్నది లేదు. ఇప్పుడు ఎవరో వాడి వదిలేసిన గ్లౌజుల కోసం ముక్కు ఎర్రబడేలా ఏడుస్తోంది.

"నా చేతులు నా మాట వినడం లేదు అత్తయ్యా. పట్టుకోవాలనే అనుకుంటాను. అవి వెనక్కి పోతాయి."

అత్తగారు ఆమె పక్కనే గుమ్మంలో కూర్చుంది. "ఆ అలవాటు పెట్టింది నేను. నేనే మాన్పిస్తాను. లే, ముందు మొహం కడుక్కో" అంది.

అత్తగారు ఏనాడూ బ్యాటు పట్టిన మనిషి కాదు. కానీ టీవీలో మ్యాచ్ వస్తే కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తుంది. ప్రపంచంలో ఉన్న కీపర్లందరినీ పేరుపేరునా తిట్టిన అనుభవం ఆమెది. "ముందే లేచాడు దరిద్రుడు", "వేళ్లు బంతికేసి పెట్టాడు, విరగ్గొట్టుకుంటాడు", "బ్యాటుని చూస్తున్నాడు, బంతిని చూడరా బాబూ" అని సోఫాలోంచి ఏళ్ల తరబడి అరిచిన అరుపులన్నీ ఇప్పుడు అక్కరకొచ్చాయి.

దుకాణం వెనక పెరట్లో, గాజు అన్నది లేనిచోట పాఠాలు మొదలయ్యాయి. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టెన్నిస్ బంతి విసిరేది. వేళ్లు నేలకేసి ఉండాలి, బంతికేసి కాదు. చిటికెన వేళ్లు రెండూ ఆనుకోవాలి. బరువు మడమల మీద కాదు, మునివేళ్ల మీద. బంతి చేతిలో పడగానే చేతులు దాంతోపాటు కొంచెం వెనక్కి రావాలి, నిద్రపోతున్న పసిపిల్లని అందుకున్నట్టు. అన్నీ వదినకి నోటికొచ్చాయి. చెప్పమంటే గడగడా చెప్పేది. బంతి వస్తే మాత్రం చేతులు పైకి, అడుగు వెనక్కి.

అత్తగారి తల ప్రాణం తోకకొచ్చింది. బతిమాలింది, తిట్టింది, రెండుసార్లు బంతి నెత్తికేసి కొట్టింది కూడా. లాభం లేకపోయింది.

అలా వారాలు పోయాక ఒక ఉదయం వదిన పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతోంది. గోడ మీద పెట్టిన స్టీలు గ్లాసు ఒకటి గాలికి దొర్లి పడింది. వదిన తల కూడా ఎత్తలేదు. సబ్బు చెయ్యి అలా చాపి గ్లాసుని పట్టుకుని, బకెట్లో వేసి, తోముకుంటూ ఉంది.

"అమ్మాయ్!" అని అత్తగారు పెట్టిన కేకకి వదిన అదిరిపడింది. "ఇప్పుడేం చేశావే నువ్వు?"

"గిన్నెలు తోముతున్నాను అత్తయ్యా!"

"గ్లాసు పట్టుకున్నావే!"

వదిన బకెట్లోకి చూసింది. నిజమే, పట్టుకుంది.

అత్తగారు తలుపు పట్టుకుని మెల్లగా మెట్ల మీద చతికిలపడి ఆలోచనలో పడింది. అద్దాల దుకాణంలో ఎవరూ గొంతుక్కూర్చోరు. నిలబెట్టిన పలకల దగ్గర కూర్చుంటే తప్పుకోవడానికి వీలుండదు కాబట్టి అది కూడా మొదటి రోజే నేర్పే నియమం. అంటే ఈ పిల్ల ఒంట్లో అద్దాల భయం ఉన్నది నిలబడ్డప్పుడే. కూర్చుని ఉన్న మనిషికి అద్దం సంగతి తెలీదు! మైదానంలో ఈమె ఏం చేస్తోంది? బౌలర్ చేతిలోంచి బంతి రాకముందే లేచి నిలబడుతోంది. లేవగానే దుకాణం గుర్తొస్తోంది.

"ముందే లేవడం కీపర్లందరూ చేసే తప్పే. వాళ్లకైతే బంతి కిందనుంచి పోతుంది. నీకైతే చేతులే పోతున్నాయి. లేవకు. బంతి నేల మీద పడి పైకి లేచేటప్పుడు దాంతోపాటు లే. దానికంటే ముందు లేచావో, చంపేస్తాను" అంది అత్తగారు.

బట్టలారేసే తాడు విప్పి, కోడలు గొంతుక్కూర్చుంటే తలకి జానెడు ఎత్తున కట్టింది. ముందే లేస్తే తాడు నెత్తికి తగులుతుంది. తగిలినప్పుడల్లా అత్తగారు నాలుక చప్పరించేది. ఆ చప్పరింపు వినలేక వదిన తాడు తగలకుండా జాగ్రత్తపడేది. టైలరమ్మ కూడా కొట్టు కట్టేశాక వచ్చి, ఫ్రేముల కోసం తెచ్చిన చెక్కపట్టీని బ్యాటులా పట్టుకుని వచ్చే బంతిని అటూ ఇటూ గీరి పంపేది. మొదటి బంతి వదిన గ్లౌజుల్లో పడి ఆగిపోయిన సాయంత్రం ముగ్గురు ఆడవాళ్లూ పెరట్లో గంతులేశారు. అత్తగారు గంతేసిందని చెబితే ఆ వీధిలో ఎవరూ నమ్మలేదు.

ఆ గంతుల చప్పుడికి బయటికొచ్చిన మొగుడు మాత్రం నవ్వలేదు.

"పట్టుకోవడం నేర్చుకుందా?" అన్నాడు.

"నేర్చుకుంది!" అంది వాళ్లమ్మ.

"దుకాణంలో కూడా పట్టుకుంటే?"

గంతులు ఆగిపోయాయి. అతను దుర్మార్గుడేమీ కాదు. చిన్నప్పుడు బాబాయి చేతి నిండా రక్తం చూసినవాడు. "ఏళ్లు పట్టింది అమ్మా ఆ అలవాటుకి. నువ్వు తీసేస్తున్నావు. రేపు పలక జారితే ఆ చేతులు ఏం చేస్తాయో నీకు తెలుసా? దానికి తెలుసా?" అని, పెళ్లాం వైపు తిరిగి, "నేను ఆటకి వద్దనడం లేదు. కానీ అది తేలేదాకా నువ్వు కట్టింగ్ బల్ల దగ్గరికి రావద్దు" అన్నాడు.

వదిన ఒంటికాలి మీద లేచింది. "నా బల్ల దగ్గరికి నన్ను రావద్దంటారా?"

"నీ చేతులు పోతే నేనేం చెయ్యను?" అని అతను ఇంకా గట్టిగా అరిచాడు. అరిచాక ఆమె చేతుల వంక చూశాడు. దాంతో వదిన కోపం సగం చచ్చింది.

అత్తగారు ఎంత సర్దిచెప్పినా అతను ససేమిరా అన్నాడు. నిలబడితే వదులు, కూర్చుంటే పట్టు, అంతే కదా తేడా అంటే, "అది నీకు తెలుసు, నాకు తెలుసు. జారే అద్దం దగ్గర ఆలోచించుకునే తీరిక ఉంటుందా?" అన్నాడు. పరీక్ష చేద్దామని అత్తగారు మేడ మీంచి కోడలి ముందు దిండు పడేసింది. వదిన వెనక్కి జరిగింది. "దిండు సంగతి వేరు, అద్దం సంగతి వేరు" అన్నాడు. అదీ నిజమే. పరీక్ష కోసం పెళ్లాం మీదికి అద్దం వదలగల మగాడు ఎవడుంటాడు?

ఆ రోజు నుంచి వదిన కౌంటర్లో కూర్చుని మేకులూ, చేతి అద్దాలూ అమ్మేది. వెనక బల్ల మీద మొగుడు గీస్తున్న గీత మధ్యలో తెగిన చప్పుడు వినిపిస్తే పళ్లు నూరుకునేది. కాస్త ఓర్చుకుని గ్లౌజులు పక్కన పెట్టేస్తే బల్ల మళ్లీ తనదే. ఆ మాట టైలరమ్మే ఒకసారి అంది. "రెండూ నాకు కావాలి. ఒకటి వదిలేస్తే రెండోది నాకు రుచించదు" అంది వదిన. సాయంత్రం కాగానే తాడు కింద కూర్చునేది.

సీజన్ చివరి మ్యాచ్ వచ్చింది. డిపో వాళ్లు వదినని చూడగానే చేతులెత్తి వెనక్కి నడుస్తూ వేళాకోళం చేశారు. అత్తగారు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. మొగుడు దుకాణానికి తాళం వేసి వచ్చి, కుర్చీ వెనక నిలబడ్డాడు.

బజారు జట్టు మొదట ఆడి ఓ మోస్తరుగా పరుగులు చేసింది. తర్వాత వదిన గ్లౌజులు తొడుక్కుని స్టంపుల వెనక గొంతుక్కూర్చుంది. ఎదురుగా ఉన్న మనిషినీ బ్యాటునీ మరిచిపోయి బౌలర్ చేతిలోని బంతినే చూసింది. బంతి వచ్చింది, పడింది, లేచింది, దాంతోపాటు తనూ లేచింది. గ్లౌజుల్లో పడింది. ఇంకోటి. ఇంకోటి. డిపో వాళ్ల వేళాకోళం కాసేపటికి ఆగిపోయింది. ఒకామె బ్యాటు అంచుకి తగిలిన బంతి కుడిపక్కకి పోతుంటే వదిన కాళ్లు ముందు జరిగాయి, చేతులు వాటి వెంట వెళ్లాయి. క్యాచ్! టైలరమ్మ పరుగెత్తుకొచ్చి ఆమెని ఎత్తబోయి ఎత్తలేక కింద పడింది.

అయితే డ్రైవరమ్మ వచ్చాక ఆట మారింది. బంతులు ఎటంటే అటు పోయాయి. వదినకి కంగారు పుట్టింది. కంగారులో ఒక బంతికి ముందే లేచింది. లేచిందో లేదో, చేతులు పైకి, అడుగు వెనక్కి. బంతి పక్కనుంచి హద్దు దాటింది. డిపో వాళ్లు ఈలలు వేశారు. గట్టు మీద అత్తగారు నాలుక చప్పరించిన చప్పుడు మైదానం మధ్యదాకా వినిపించిందని తర్వాత అందరూ ప్రమాణం చేసి చెప్పారు.

టైలరమ్మ దగ్గరికొచ్చింది. ఆమె నోరు తెరవకముందే వదిన గ్లౌజులు ఒకదానితో ఒకటి చరిచింది.

"ముందే లేచాను. ఇంక లేవను" అని తనే చెప్పింది.

"సరే" అని టైలరమ్మ వెళ్లిపోయింది.

చివరి ఓవర్. డిపో వాళ్లకి ఒక్క వికెట్టే మిగిలింది. ఇంకో మంచి దెబ్బ తగిలితే గెలుపు వాళ్లదే, ఆ దెబ్బ కొట్టడానికి డ్రైవరమ్మ సిద్ధంగా ఉంది. బంతి మందుల షాపు అమ్మాయి చేతిలో ఉంది. ఆ పిల్ల బంతిని నెమ్మదిగా తిప్పుతుంది. వదిన స్టంపులకి ఆనుకున్నంత దగ్గరగా వచ్చి గొంతుక్కూర్చుంది. బ్యాటు విసిరితే గాలి మొహానికి తగిలేంత దగ్గర.

బంతి గాల్లోకి లేచింది. డ్రైవరమ్మ ఒక్క అంగలో గీత దాటి ముందుకొచ్చి బ్యాటు ఊపింది. మనిషి అడ్డం, బ్యాటు అడ్డం, దుమ్ము అడ్డం. వదిన ఒళ్లంతా లే, లే అంటోంది. లేవలేదు. బంతి నేల మీద పడి పక్కకి తిరిగింది, బ్యాటుకి అందలేదు, తక్కువ ఎత్తులోనే లేచింది. వదిన చేతులు అక్కడే ఉన్నాయి. తోలు మీద తోలు పడ్డ చప్పుడు. మరుక్షణం గ్లౌజులు స్టంపుల మీదికి వెళ్లాయి, బెయిల్స్ ఎగిరిపడ్డాయి.

డ్రైవరమ్మ వెనక్కి తిరిగి చూసుకుంది. గీతకి ఆమెకి మధ్య బస్సు పట్టేంత జాగా ఉంది. అంపైర్ వేలెత్తింది.

ఆ తర్వాత అరుపులు, కేకలు, దుమ్ము. ఎవరు ఎవరిని కౌగిలించుకుంటున్నారో తెలీదు. డ్రైవరమ్మ బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. "నిన్ను చూసి నవ్వాను. తప్పయింది వదినా" అంది. టైలరమ్మ గ్లౌజుల గురించి ఒక్క మాట అనలేదు. వదిన అవి తీసి తన సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. గట్టు మీద అత్తగారు పక్కవాళ్లందరికీ, "నా కోడలు! నా కోడలండీ!" అని ఏకరువు పెడుతోంది. మొగుడు కళ్లు తుడుచుకున్నాడు కానీ, మొహంలో దిగులు పోలేదు. ఇంటికి నడుస్తుంటే వదినే అంది, "రేపట్నుంచి బల్ల దగ్గరికి వస్తున్నాను. అడ్డుపడకండి."

అతను ఆమె సంచి తను అందుకున్నాడు. ఆ స్టంపింగ్ చూశాక వద్దనడానికి నోరు రాలేదు. "నేను పక్కనే ఉంటాను" అన్నాడు.

ఉన్నాడు. వదిన బల్ల దగ్గరుంటే అతను ఆమె మోచెయ్యి పక్కన, అత్తగారు గుమ్మంలో. ఆమె పలక తియ్యడానికి వెళ్తే ఇద్దరూ వెంట. కొన్ని రోజులు అలాగే నడిచింది. "నేను పని చేసుకోవాలా, ఊరేగింపు చెయ్యాలా?" అని వదిన విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం ఒకాయన షోకేసు తలుపుకి చేయించుకున్న అద్దం తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆయన కోసం ముందే కోసిపెట్టిన నిలువెత్తు పలక స్టాండులో ఆనించి ఉంది. వదిన పక్కనున్న ఇంకో పలకని జరుపుతుంటే దాని అంచు దీనికి తగిలింది. నిలువెత్తు పలక మెల్లగా ఊగి, స్టాండులోంచి జారింది.

మొగుడు రెండడుగుల దూరంలో ఉన్నాడు. అత్తగారు గుమ్మంలో బిగుసుకుపోయింది. వదిన నిలబడి ఉంది, పలక ఆమె ఎదురుగానే పడుతోంది. ఇన్నాళ్లూ పట్టు పట్టు అని నేర్పించుకున్న చేతులు ఆమె నడుం దగ్గరే ఉన్నాయి, వేళ్లు నేలకేసి, చిటికెన వేళ్లు దగ్గరగా.

చేతులు పైకి లేచాయి. అడుగు వెనక్కి పడింది.

పలక నేలని తాకి గది నిండా ముక్కలైంది. ఆ చప్పుడికి వీధిలో వాళ్లు ఆగి చూశారు.

"పగిలింది!" అని అరిచింది అత్తగారు. "పగిలింది రా! పగిలిందే!" అంటూ గుమ్మంలోనే చప్పట్లు కొట్టింది. మొగుడు గాజు ముక్కలు తొక్కుకుంటూ వచ్చి పెళ్లాం చేతులు రెండూ పట్టుకుని, తిరగేసి మరగేసి, అప్పుడే పుట్టిన బిడ్డవి చూసుకున్నట్టు ఒక్కొక్క వేలూ చూసుకున్నాడు. చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన నవ్వుతోంది, ఆమె కళ్లలోనూ నీళ్లే.

అద్దం కోసం వచ్చినాయన నోరెళ్లబెట్టి ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "నా అద్దం పగిలితే మీరు పండగ చేసుకుంటున్నారేంటండీ?" అన్నాడు.

వదిన మొగుడి చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుంది. కొత్త పలక తీసి బల్ల మీద పరిచి, కొలత చూసి, కట్టర్ పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క గీత గీసింది. ఎక్కడా తెగలేదు.

"కూర్చోండి, ఇదిగో అయిపోయింది. దీనికి మీరేమీ ఇవ్వక్కర్లేదు" అంది. "కొత్త సీజన్ మొదలవగానే మ్యాచ్‌కి రండి. కీపర్ని నేనే."